కోలారుసీమ వాచాలబాల: సౌందర్య నటనమున వాక్కు, మౌనము

కుశీలవుడనిన నటుడు, గాయకుడు అని సంస్కృత నిఘంటువులు అర్థము చెప్పును. ఈ పదమునకు సీతాతనయులైన కుశలవుల పేళ్లతో సంబంధము కల్పించుట సంప్రదాయము. వాల్మీకి నేర్పిన కథను ఊరూర పాడి, తుదకు కన్నతండ్రి కొలువుననే వినిపించిన ఆ బాలురు లోకమున తొలి నటులని దాని భావము. వారు పుట్టిన తావు తమ ఊరేయని చెప్పుకొను క్షేత్రములు దేశమున పెక్కులు గలవు. అందొకటి కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని ఆవని. అచ్చటి రామలింగేశ్వరాలయమును, కొండమీది సీతమ్మ గుడియును నేటికిని యాత్రికులను రప్పించుచున్నవి. ఆ ముళబాగిలు తాలూకానుండియే ఇరువదవ శతాబ్దపు తుదిదశకమున తెలుగు వెండితెరకు ఒక నటి వచ్చెను. ఆమె సౌందర్య. తలిదండ్రులు పెట్టిన పేరు సౌమ్య. తండ్రి కె. ఎస్. సత్యనారాయణ కన్నడ చిత్రరంగమున రచయితగను నిర్మాతగను పనిచేసినవాడు. ఆమె వైద్యవిద్యలో చేరి, దానిని నడుమనే విడిచి నటనమును చేపట్టెను.

తెలుగు ఇండ్లలో మాటలపోగైన ఆడుబిడ్డను వసపిట్ట యందురు. పసిబిడ్డకు మాటలు చక్కగా వచ్చుటకై వసకొమ్మును అరగదీసి నాలుకకు రాయుట పూర్వాచారము. మోతాదు మించినచో బిడ్డ వదరుబోతగునని పరిహాసము. అట్టి బాలను చూచి, ఈమె నాటకములలో చేరదగినది అని ఇరుగుపొరుగువారు అనుటయు కలదు. ఈ మాటలో ఒక నమ్మకమున్నది. నటి యనగా పెరిగి పెద్దదైన వసపిట్టయే యనునదే ఆ నమ్మకము. ఇది ఎంతవరకు నిజము? నటనమునకు మూలము మాటల సమృద్ధియా, లేక మాటను నిలుపు నేర్పా? ఈ ప్రశ్నను పరీక్షించుటకు సౌందర్య నటజీవితముకన్న తగిన నిదర్శనము లేదు. ఏలయన, తెలుగు తెరపై వాచాలయగు కన్యగా ఆమె ఎంతో మాటలాడెను. కాని ఆ మాటలలో అధికభాగము ఆమె గొంతునుండి వెలువడినవి కావు. ఇచ్చట విచారింపబడునది ఆమె సొంత బాల్యము కాదు. ఆమె పాత్రలందలి వాచాలబాల ఎట్లు ఎదిగినది యనునదియే.

సీమ – భాషలు

కోలారు భాషలకు కూడలి. 2007లో చిక్కబళ్లాపురము ప్రత్యేక జిల్లాగా ఏర్పడుటకు ముందు ఈ జిల్లాకు అనంతపురము, చిత్తూరు జిల్లాలు రెండును పొరుగు. తమిళదేశము దక్షిణపుటంచున తాకుచున్నది. ముళబాగిలు దాటి నంగలి మీదుగా తూర్పునకు సాగినచో పలమనేరు దారి. సంతలో కన్నడము, ఇంట తెలుగు, పొరుగింట తమిళము, అంగడిలో దక్కనీ ఉర్దూ వినబడుట అచ్చట వింత కాదు. చింతామణి తాలూకాలోని కైవారమున గాజుల బేహారియై యుండి యోగియైన నారాయణప్ప తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పెను. మాలూరు తాలూకా హుంగేనహళ్లిలో పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగారు ఇంటిభాష తమిళము. ఆయన కథలు రచించి జ్ఞానపీఠ పురస్కారమునకు పాత్రుడైనది కన్నడమున.

కోలారు బంగారుగనుల సీమ ఈ కలయికకు పరాకాష్ఠ. 1880లో జాన్ టేలర్ కంపెనీ అచ్చట త్రవ్వకములను చేపట్టినప్పటినుండి 2001లో గనులు మూతపడువరకు ఆర్కాటు, చిత్తూరు ప్రాంతముల కూలిజనము తరతరములుగా ఆ లైనిండ్లలో కాపురముండెను. 1902లోనే కావేరి శివసముద్రమునుండి విద్యుత్తును రప్పించుకొనిన ఆ పట్టణమున ఒక బిడ్డ తల్లితో ఒక భాష, తోడిపిల్లలతో ఒక భాష, బడిలో మరియొక భాష మాటలాడుట నిత్యవ్యవహారము. అట్టి సీమలో మాటకారియగు పిల్ల అనగా ఒక భాషలో ఎక్కువ మాటలాడు పిల్ల మాత్రమే కాదు; ఎదుటివాని మొగము చూచి భాషను మార్చుకొను పిల్ల. ఈ మార్పు నటనమునకు తొలిమెట్టు. పరుల పలుకును తన నోట పలికించుకొనుటయేగదా నటుని పని!

ఆ సీమ తెలుగునకు తనదైన యాస కలదు. "ఉంది" అనుటకు మారు "ఉండాది" యనుట, "వచ్చాడు" అనుటకు మారు "వచ్చినాడు" అనుట, మాటమాటకు "ఏమప్పా", "ఏమ్మా" యని పలుకరించుట దక్షిణ రాయలసీమతో దానికిగల చుట్టరికమును చాటుచున్నవి. చలనచిత్రములు ప్రామాణికముగా గైకొన్న భాషయో, కృష్ణా గుంటూరు మండలముల భాష. ఈ భేదమును మనసునందుంచుకొని ముందునకు పోవలయును.

వాచాలనాయిక – సంప్రదాయము

తెలుగు నాట్యసంప్రదాయమున వాచాలయగు నాయిక క్రొత్తది కాదు. సిద్ధేంద్రయోగి పేర వెలసిన భామాకలాపమున సత్యభామ అడుగుపెట్టినది మొదలు తన పుట్టుక, తన సొగసు, తన అతిశయము తానే చెప్పుకొనును. ఆ మాటలప్రవాహము నడుమ విరహము పొడసూపి ఆమెను మూగపరచును. వాచాలత్వమే పాత్రకు ఆరంభము. మౌనము దానికి ఫలము. కూచిపూడి భామవేషమునకు పేరెక్కిన వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) పురుషుడయ్యు ఆ వేషమున మెప్పు పొందెననిన, ఆంగికమును వాచికమును ఒక్క శరీరముననే ఇమిడియుండుట అందుకొక కారణము. ఆడువాడును అతడే, పలుకువాడును అతడే. వాక్కు నాట్యమునకు శరీరమువంటిదని భరతుడు భావించుటయు ఇందువలననే.

వెండితెర తొలినాళ్లలోను ఈ ఐక్యము చెడలేదు. 1955లో వెలువడిన "మిస్సమ్మ" చిత్రమున సీత పాత్రను ధరించిన జమున లోకమెరుగని గలగలల పిల్లగా నిలిచినది. పిదప "వినాయకచవితి" (1957), "శ్రీకృష్ణతులాభారము" (1966) చిత్రములలో ఆమెయే సత్యభామ. గలగలల బాల గర్వముగల భామగా ఎదిగిన తీరు ఒక్క నటి బ్రతుకుననే కాననగును. జమున జన్మస్థలము కన్నడదేశమందలి హంపి. పెరిగినది గుంటూరు మండలపు దుగ్గిరాల. తెరమీది ఆమె మాటలు ఆమెవే. ఆ గొంతులోని బిగువు, ఆ విరుపు ఆమె సత్యభామకు ప్రాణము. కన్నడదేశమున పుట్టిన నటి తెలుగునకు రాగా తన గొంతుతోనే వచ్చుటకు ఆనాడు వీలు కలిగెను. నాలుగు దశాబ్దముల పిమ్మట ముళబాగిలునుండి వచ్చిన నటికి ఆ వీలు పెక్కుమార్లు చిక్కలేదు.

అరువు గొంతు

1990వ దశకమున తెలుగు చిత్రములందలి సంభాషణము చిత్రీకరణవేళ స్థిరపడునది కాదు. నటీనటులు కెమెరా ముందు పలుకుదురు. పిదప డబ్బింగు గదిలో ఆ దృశ్యమును మరల మరల త్రిప్పుచు, పెదవుల కదలికకు సరిపడునట్లు సంభాషణమును వేరుగా ముద్రింతురు. అచ్చట నటి స్థానమున వేరొక గాత్రకళాకారిణి నిలుచుట సులభము. పరప్రాంతపు నటీమణుల విషయమున ఇది నియమమే యయ్యెను. "మరోచరిత్ర" (1978) నాయికయైన సరిత వంటి సమర్థురాలు పలువురు నాయికలకు గొంతునిచ్చెను. సౌందర్యయు వారిలో ఒకతె. హిందీలో 1999 నాటి "సూర్యవంశం" చిత్రమున సౌందర్యకును, అత్తపాత్రధారిణియగు జయసుధకును రేఖయే గాత్రదానము చేసెను. అత్తయు కోడలును ఒక్క గొంతుతో మాటలాడిరి!

దీనినిబట్టి కొందరు, గొంతు అరువైన నటి సగము నటియే యందురు. మరికొందరు, ప్రేక్షకులు మెచ్చిరి కావున గొంతు ఎవరిదైన నేమి యందురు. ఈ రెండును తొందరపాటు తీర్పులే. డబ్బింగు పనితీరును గమనించినచో వేరొక సత్యము కనబడును. గాత్రకళాకారిణి శబ్దమునకు యజమానురాలు; కాలమునకు మాత్రము కాదు. ఎప్పుడు నోరు తెరువవలయునో, ఎచ్చట ఆగవలయునో, ఎంతసేపు ఎదుటివాని మాట వినవలయునో తెరమీది నటి ముందే నిర్ణయించియుండును. దర్శకుని శిక్షణము, కూర్పరి కత్తెర అందులో పాలుగొనును గాని, డబ్బింగు గదిలోని కళాకారిణి ఆ కొలతను దాటరాదు. కావున అరువు గొంతుతో పలికిన పాత్రలో మాట పంచుకొనబడినది. మౌనము మాత్రము సంపూర్ణముగా నటిదే.

మరియొక విశేషము. ఆమె పెదవుల కదలిక తెలుగు మాటలకు తగియుండనిచో ఎంతటి గాత్రకళాకారిణియైనను ఏమియు చేయజాలదు. మాటల అర్థమెరుగక పెదవులు మాత్రము కదపిన నటీమణులను తెలుగు ప్రేక్షకులు చూచియున్నారు. వారి కన్నులు వాక్యము ముగియకమున్నే ఆరిపోవును. సౌందర్య కన్నులు మాట ముగిసిన పిదపగూడ దానిని మోయుచుండును. చిత్రీకరణవేళ ఆమె పలికిన తెలుగు ముద్రణలో చెరిగిపోయినను, ఆ పలుకులోని అర్థము మొగమున నిలిచిపోయెను. తెలుగు వినబడు సీమ బిడ్డకు ఇది వింత కాదు.

మూడు తెలుగు పాత్రలు

1993లో "మనవరాలి పెళ్లి" మొదలుకొని ఆమె తెలుగు చిత్రములు వరుసగా వెలువడెను. ఆ యేడే ఎస్. వి. కృష్ణారెడ్డి దర్శకత్వమున వచ్చిన "రాజేంద్రుడు గజేంద్రుడు", "మాయలోడు" వంటి హాస్యచిత్రములలో ఆమె పాత్ర నాటికి వాడుకయైన అల్లరి నాయికయే. ఇట్టి చిత్రములు పెక్కింటిలో నాయికకు మాట అలంకారము. కథ ఆమెకై ఆగదు. ఆమె మాటలు హాస్యమునకు తాళము వేయుటకే. సౌందర్య పేరు ఆ పాత్రలతో మాత్రమే ముడిపడియుండినచో ఇంతటి విచారణమునకు చోటుండెడిది కాదు.

కోడి రామకృష్ణ దర్శకత్వమున 1995లో వచ్చిన "అమ్మోరు" ఆ వాడుకను మార్చెను. ఇందు వాచాలత్వము నాయికయగు భవానిది కాదు. భర్త దూరమున నుండగా అత్తింటి బాధలు పడు భవానికి తోడుగా దేవత ఒక చిన్నపిల్ల రూపమున ఇంట చేరును. ఆ పిల్లగా బేబీ సునయనయు, దేవతగా రమ్యకృష్ణయు నటించిరి. గలగలలాడునది పిల్ల, గద్దించునది దేవత, ఇద్దరి నడుమ విని, భరించి, నమ్మునది భవాని. ఎఫెక్టుల మెరుపులతో నిండిన ఆ చిత్రమున ప్రేక్షకుని నమ్మించు భారము తెరమీది మాయలది కాదు, వాటిని చూచు భవాని మొగమునది. దేవతను ఆమె నమ్మినందుననే ప్రేక్షకుడు నమ్మెను. వినుటయు నటనమేయని తెలుగు ప్రేక్షకులకు తెలియజెప్పిన పాత్ర యిది.

ముత్యాల సుబ్బయ్య దర్శకత్వమున 1996లో వచ్చిన "పవిత్రబంధం" ఆ దారినే మరియొక అడుగు సాగినది. ఒక్క సంవత్సరపు ఒప్పందమునకు లోబడి భార్యగా ఇంట అడుగుపెట్టు రాధకు ప్రతిమాటయు కొలిచి వాడవలసినదే. భార్యగా మాటలాడిన చనువగును. ఉద్యోగినిగా మాటలాడిన దూరమగును. ఈ ఇరుకున సౌందర్య మాటకు ముందు వచ్చు చిన్న తడబాటును పాత్రకు ఊపిరిగా చేసికొనెను. కథయొక్క మూలప్రతిపాదనము ఆక్షేపణకు తావీయకపోదు. స్త్రీ సహనమును పరీక్షకు పెట్టి, పిదప దానినే పూజించు పాతనీతి అందు కలదు. అయినను గడువు తీరి ఇల్లు విడుచునపుడు రాధ మొగమున కనబడునది ఓటమి కాదు, ఆత్మగౌరవము. కథ ఇచ్చినదానికన్న నటి ఎక్కువ ఇచ్చిన సందర్భమిది.

ఈ మూటిలో తలమానికము కృష్ణవంశీ దర్శకత్వమున 1998లో వెలువడిన "అంతఃపురం". వసపిట్ట పెరిగి పెద్దదగు కథను తెలుగు తెర ఇంత నిర్దయముగా చెప్పిన సందర్భములు అరుదు. మారిషస్ ద్వీపమున స్వేచ్ఛగా పెరిగిన భానుమతి మొదట నవ్వుల పుట్ట, మాటల మూట. భర్తవెంట రాయలసీమలోని అత్తవారింట అడుగిడినంతనే ఆమెకు తెలియునది, ఆ ఇంట మాట మగవానిదని. పగలతో పండిన ఆ ఇంటి యజమాని నరసింహగా ప్రకాశ్‌రాజ్, నోరుండియు లేనట్టి అత్తగా శారద నటించిరి. భర్త హతుడైన పిమ్మట బిడ్డను ఆ నెత్తుటి వారసత్వమునుండి తప్పించుటకు ఆమె చేయు పోరాటమే కథ. తొలిభాగమున విచ్చలవిడిగా వెలువడిన మాట నడిమిభాగమున గొంతున అడ్డుపడి, తుదిభాగమున ఎదిరింపుగా మరల వెలువడును. మామను నిలదీయునప్పటి ఆ మాట మారిషస్ నాటి మాట కాదు. చిన్నపిల్ల మాట ఖర్చుకు వెరవదు. తల్లి మాట ప్రాణమునకు తెగించినది. ఈ రెండింటి నడుమనున్న దూరమునే నటనము అనవలయును. ఆ దూరమును సౌందర్య గొంతుతో కాక నడకతో, నిలుకడతో, తల ఎత్తిన తీరుతో కొలిచి చూపెను.

ద్వీపము

తెలుగున ఆర్జించిన పేరును ధనమును ఆమె తిరిగి కన్నడమునకు వెచ్చించిన విధము గమనింపదగినది. నా. డిసోజా నవల ఆధారముగా గిరీశ్ కాసరవల్లి దర్శకత్వము వహించిన "ద్వీప" చిత్రమునకు ఆమెయే నిర్మాత, ఆమెయే నాయిక. 2001 సంవత్సరమునకు ఉత్తమ కథాచిత్రముగా అది జాతీయ పురస్కారము నందినది. ఆనకట్ట కట్టగా పెరుగు నీటిలో మునిగిపోవు దీవిని వీడలేని కుటుంబమునకు కోడలు నాగి. భర్త గణప దైవముమీద భారము వేసి కూర్చుండును. చేతులతో పనిచేసి ఇంటిని నిలుపునది నాగి. తుదకు వరదనుండి బయటపడిన పిదప ఆ ఫలమును భర్త దైవమునకే ఆపాదించును. అచ్చట నాగికి పెద్ద సంభాషణ మేదియు లేదు. ఆమె చూచును. ఆ చూపే తీర్పు.

ఎన్నో చిత్రములలో అలంకారముగా మాటలాడిన నటి, తన ధనముతో తీసిన చిత్రమున తనకై కోరుకొనినది మాటలు తక్కువగు పాత్రను. ఇది యాదృచ్ఛికమనుకొనుట కష్టము. వసపిట్ట నటి యగునన్న లోకోక్తికి ఇదియే సమాధానము. బాల మాటలచే ఆకర్షించును. నటి ఆ మాటలను దాచుకొనుటచే నిలుచును.

నష్టము – కర్తవ్యము

ఐనను, మౌనమును ఇంతగా మెచ్చుకొనుచు ఒక నష్టమును మరువరాదు. కోలారుసీమ బిడ్డ తెలుగునాట ఇంటింటి ఆడుపడుచయ్యెను; ఆ సీమ తెలుగు మాత్రము ఆమెతో తెరకెక్కలేదు. "అంతఃపురం" కథ నడచునది రాయలసీమలో. కోలారు ఆ సీమకు పొరుగు. అట్టి కథయందును కోలారు తెలుగు ఆ నాయిక నోట వినబడుటకు తావు దొరకలేదు. పాత్ర మారిషస్ పిల్లయగుటచే ఇచ్చట దానికి కథాపరమైన సమర్థన కలదు. తక్కిన చిత్రములలో అదియు లేదు. ఒక సీమ మొగము కావలయును, గొంతు అక్కరలేదు అనుట ఆ సీమకు గౌరవము కాదు. ఈ దోషము గాత్రకళాకారిణులది కాదు. వారి ప్రజ్ఞ ప్రశంసనీయము. ఒక్క మండలపు పలుకుబడినే తెలుగుగా ఎంచిన అలవాటుదే దోషము.

2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు విమానాశ్రయమునుండి బయలుదేరిన చిన్న విమానము కొలది నిమిషములలోనే కూలి సౌందర్యయు, సోదరుడు అమరనాథును మరణించిరి. ఎన్నికల ప్రచారసభకై కరీంనగరమునకు సాగిన ప్రయాణమది. తెర నడుమ లేకుండ, అరువు గొంతు లేకుండ తెలుగుజనమును పలుకరింప పోవుచుండగా ఆ మాట దారిలోనే ఆగిపోయెను. ఆ యేడే విడుదలయైన "శివశంకర్" తెలుగునను, "ఆప్తమిత్ర" కన్నడమునను ఆమెను మరణానంతరము ప్రేక్షకులకు చూపినవి.

ఆమెను నవయుగ సావిత్రి యని పొగడుట పరిపాటి. ఆ పొగడ్త ప్రేమచే పుట్టినదే గాని విమర్శకు చాలదు. సావిత్రి గొంతు సావిత్రిదే; ఆ గొంతును తీసివేసినచో ఆమె నటనమున పెద్దపాలు తరిగిపోవును. సౌందర్యకు ఆ పాలు మొదలే లభింపలేదు. మిగిలినదానితోనే ఆమె ఇంత సాధించెను. ఈ భేదమును గుర్తించుటయే ఆమెకు నిజమైన సన్మానము.

కోలారు, ముళబాగిలు, బంగారుగనుల ప్రాంతములలో నేడును మాటలపోగులైన ఆడుబిడ్డలు లేకపోలేదు. పాఠశాల వార్షికోత్సవములందును, తెలుగు సంఘముల నాటికలందును వారికి వేషమిచ్చునపుడు పెద్దలు చేయవలసిన పని యొకటి కలదు. "ఉండాది" యన్న బాల నోటను "ఉంది" యని దిద్దుటకు ముందు, ఆ పాత్ర ఏ ఊరిదో విచారింపవలయును. పాత్ర ఆ సీమదైనచో పలుకును ఆ సీమదే కానిండు. వాల్మీకి కుశలవులకు కథ నేర్పెను గాని వారి గొంతులకు మారుగా వేరెవరి గొంతులను అమర్చలేదు. ఆవని కొండక్రింద పుట్టిన బాల తన మాటతో పెరిగి, తన మాటతోనే తెరకెక్కినగాని ఆ సీమ తెలుగు తెరకు తీర్చవలసిన బాకీ తీరదు. తెలుగు తెర ఆ సీమకు తీర్చవలసినదియు తీరదు.